గోడలో చెమ్మ, ఒంటిమీద దురద

(చర్మవైద్య ధర్మనిధి స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఎవరి పేరుమీద ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారి గొప్పతనం గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడిగా నేను ఒక్క అలవాటు మాత్రం గుర్తుచేస్తాను. దురదతో వచ్చిన మనిషిని అందరూ "ఏం తిన్నావు?" అని అడుగుతారు. వంకాయ, గోంగూర, రొయ్యలు మానిపిస్తారు. ఆయన "మంచం ఏ గోడకి వేసుకున్నారు?" అని అడిగేవారు. "ఆ గోడకి అవతల ఏముంది?" అన్నది రెండో ప్రశ్న. బాత్రూమో, వంటింటి సింకో, పక్కింటివాళ్ళ మొక్కల తొట్లో బయటపడేవి. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ రెండు ప్రశ్నల వెనకున్న శాస్త్రం గురించి.

నా వాదం ముందే చెప్పేస్తాను. ఇంటి గోడకు పట్టిన బూజు పాకుతూ వచ్చి ఒంటికి పట్టదు. అయితే ఆ బూజును పెంచిన తడి ఒంటిమీదా పనిచేస్తుంది, దాని దారులు వేరు. ఆ దారులు తెలియక కొందరు నల్లమచ్చ చూసి హడలిపోతున్నారు. ఎక్కువమంది గోడ వంక చూడకుండా ట్యూబు వెనక ట్యూబు పూసుకుంటున్నారు. రెండూ నష్టమే.

గోడకూ చర్మానికీ పాత పరిచయం

ఇంటి గోడనూ ఒంటి చర్మాన్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడిన పాత గ్రంథం బైబిలు. లేవీయకాండం 13వ అధ్యాయం ఒంటిమీది మచ్చల గురించి, 14వ అధ్యాయంలో చివరి భాగం గోడమీది మచ్చల గురించి. గోడలో పచ్చగానో ఎర్రగానో మచ్చలు దిగితే యజమాని వెళ్ళి యాజకుడికి చెప్పాలి. ముందు సామాను బయటపెట్టించాలి. ఇల్లు 7 రోజులు మూసి ఉంచి మళ్ళీ చూడాలి. మచ్చ పెరిగితే ఆ రాళ్ళు ఊడదీసి ఊరి బయట పారేయాలి, లోపలి పూత గీకించాలి, కొత్త రాళ్ళు పెట్టి కొత్తగా పూయాలి. అప్పటికీ తిరిగొస్తే ఇల్లు పడగొట్టాలి. రాసింది మతవిధిగానే అయినా మరమ్మతు క్రమం మాత్రం ఏ మేస్త్రీ తప్పుపట్టలేనిది. గీకకుండా పైన రంగు వేయమని అందులో ఎక్కడా లేదు.

ఇక వైద్యానికి వస్తే, మాంచెస్టరులో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరు 1873లో ఒక పుస్తకం వేశాడు. ఏటా తనను వేధించే తుమ్ములకూ జలుబుకూ గడ్డి పుప్పొడి కారణమని తన ఒంటిమీదే ప్రయోగాలు చేసి తేల్చాడు. ముంజేతి చర్మం గీరి, అక్కడ తడి పుప్పొడి పెట్టి కట్టుకట్టి, దద్దురు లేవడం చూశాడు. ఇవాళ అలర్జీకి మేం చేసే ప్రిక్ టెస్టు పుట్టింది ఆ గీతలోనే. తడి గడ్డిమీద బూజు పెంచి, ఆ పొడి పీల్చి తాను పడ్డ అవస్థనూ ఆయన అదే పుస్తకంలో రాసుకున్నాడు.

చర్మానికి నేరుగా సంబంధించిన సాక్ష్యం 1930లలో ఉక్రెయిన్‌లో దొరికింది. అక్కడ గుర్రాలు మూతి పుండ్లు పడి, రక్తం కారి, గుంపులుగా చచ్చిపోయాయి. కారణం బూజుపట్టిన ఎండుగడ్డి. ఆ గడ్డిని మోసిన వాళ్ళకు, దానిమీద పడుకున్న వాళ్ళకు చెమటపట్టే చోట్ల చర్మం ఎర్రబడి చిట్లింది. ఆ నల్లబూజు పేరు స్టాకీబోట్రిస్. దాని విషాలు చర్మాన్ని తాకినా కాలుస్తాయి. ఇంటర్నెట్‌లో "విషపు నల్లబూజు" అని భయపెడుతున్నది దీన్నే. ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. అక్కడ జనం బూజుగడ్డిని రోజూ మోపులకొద్దీ చేతులతో ఎత్తారు. పడకగది గోడమీద అరచేయంత మచ్చ ఉన్న ఇంట్లో మనిషికి తగిలేది అందులో లేశం. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో 1993-94లో కొందరు పసిపిల్లలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైనప్పుడు ఇదే బూజును అనుమానించారు. 2000లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తన అధ్యయనాలనే తిరగదోడి, ఆ సంబంధం రుజువు కాలేదని ప్రకటించింది. నల్లగా ఉన్నంత మాత్రాన ఏ బూజూ విషపుది కాదు. తెల్లగా, పచ్చగా ఉందని నిర్లక్ష్యం చేయదగ్గదీ కాదు.

బూజుకు కావలసింది నీళ్ళే

బూజు విత్తనాలు, అంటే స్పోర్లు, లేని గాలి ఈ భూమ్మీద లేదు. ఈ హాల్లోనూ ఉన్నాయి. మన ఇళ్ళల్లో తరచుగా దొరికేవి క్లాడోస్పోరియం, ఆస్పర్జిల్లస్, పెనిసిలియం, ఆల్టర్నేరియా. వాటికి తిండి కొరత లేదు. రంగు, జిగురు, కాగితం, ప్లైవుడ్, దుమ్ము, గుడ్డ ఏదైనా సరిపోతుంది. కొరత ఒక్క నీటిదే. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరిపోతే బూజు పట్టదు. అంతకు మించితే పడుతుంది. అందుకే బూజు ఉన్నచోట వెతకాల్సింది నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్నదే.

మన ఇళ్ళల్లో ఆ నీళ్ళు నాలుగు దారుల్లో వస్తాయి. మొదటిది పైనుంచి: స్లాబు పగుళ్ళు, పారపెట్ గోడ మొదట్లో నిలిచిన వాన నీళ్ళు. రెండోది పక్కనుంచి: బాత్రూం టైల్స్ సందుల్లో సిమెంటు పోవడం, గోడలో పైపు చెమర్చడం, ఏసీ నీళ్ళ గొట్టం జారిపోవడం. మూడోది కిందనుంచి: పునాదిమీద చెమ్మ ఆపే పొర లేని పాత ఇళ్ళల్లో నేలలో తడి ఇటుకల గుండా మూడు నాలుగడుగుల దాకా ఎగబాకుతుంది. ఈ గోడలకు తరచు తెల్లగా ఉప్పు పూస్తుంది, దాన్ని చూసి బూజనుకుంటారు. నీళ్ళు చిలకరిస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. నాలుగో దారి గాలి. కోస్తాలో ఉక్కపోత రోజున ఒక గదిలో ఏసీ 18లో పెడితే, పక్కగదివైపున్న ఆ గోడమీద గాలిలోని తేమ చెమటలా కడుతుంది. దానికి బీరువా ఆనించి పెడితే వెనక ఏం జరుగుతోందో ఏళ్ళ తరబడి తెలియదు.

పూర్వం ఏడాదికోసారి, పెద్ద పండగకో దసరాకో ఇల్లు దులిపి వెల్ల వేసేవాళ్ళు. అది శుభ్రత కోసమే చేసినా, తాజా సున్నానికి ఘాటైన క్షారగుణం ఉంటుంది, దానిమీద బూజు మొలవడం కష్టం. పైగా సున్నపు గోడ తడిని బయటికి వదులుతుంది. ఇప్పుడు తడి ఆరని గోడకు లప్పం పెట్టి, పైన ప్లాస్టిక్ పొరలాంటి ఎమల్షన్ పూస్తున్నాం. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి రంగు బుడగలు లేస్తుంది. ఆ బుడగ వెనక బూజుకు హాయిగా చోటు దొరుకుతుంది. అద్దెకిచ్చే ముందు మచ్చ కనబడకుండా ఒక కోటింగు వేయించే అలవాటు ఈ రోగానికి ముసుగు వేయడమే.

చర్మం లోపలికి ఏం వెళుతుంది?

మన చర్మంలో అన్నిటికంటే పైనున్న పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లు. తల వెంట్రుకంత మందం కూడా ఉండదు. అది ఇటుకల గోడలాంటిది: చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సిమెంటు. గోడ బాగున్నంతవరకు స్పోరు దాన్ని దాటి లోపలికి రాదు, వచ్చినా అక్కడ బతకదు. కొందరికి ఆ గోడ పుట్టుకతోనే పలచన. 2006లో స్కాట్లాండులోని డండీలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోని లోపాలకూ ఎగ్జిమాకూ సంబంధం ఉందని చూపింది. ఐరోపాలో దాదాపు పదిమందిలో ఒకరు ఆ లోపాల్లో ఏదో ఒకటి మోస్తున్నారు. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం పొడిబారి, కంటికి కనబడని పగుళ్ళు దేరి ఉంటుంది. ఇంటి గాలి, దుమ్ము, బూజు అన్నీ పనిచేసేది ఆ పగుళ్ళ దగ్గర.

మొదటి దారి అలర్జీ. బూజులు తమ ఎంజైములతో ప్రోటీన్లను కోసి తింటాయి. ఆల్టర్నేరియా వదిలే అలాంటి ఎంజైములు బలహీనమైన చర్మాన్ని ఇంకా చికాకు పెడతాయి. ఒంట్లో వాటికి విరుద్ధంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారైన వాళ్ళకు ఆ గాలి తగిలినప్పుడల్లా దురద రేగుతుంది.

రెండో దారిలో బూజు కాదు, దాని పొరుగువాళ్ళు పనిచేస్తారు. దుమ్ములో ఉండే మైట్ అనే సూక్ష్మమైన పురుగు నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. గాలిలో తేమ 50 శాతానికి కిందకి దిగి అలాగే ఉంటే ఎండి చస్తుంది. చెమ్మ ఇంట్లో, పరుపులో, దిండులో, మన ఒంటినుంచి రాలిన పొట్టు తింటూ వర్ధిల్లుతుంది. దాని విసర్జనలోని ప్రోటీను కూడా కోసే రకం ఎంజైమే. "నాకు బూజు పడదు" అని వచ్చిన చాలామందికి పరీక్షచేస్తే పడనిది మైటు.

మూడోది గాలిలో వచ్చి చర్మాన్ని తాకే ఎగ్జిమా. దీని తీరు తెలుగునాట చర్మవైద్యులకు కొత్త కాదు. 1950లలో పుణె దగ్గర కంటబడి దేశమంతా అల్లుకున్న వయ్యారిభామ గడ్డి పొలాల్లో పనిచేసే వాళ్ళకు చేసేది ఇదే. కనురెప్పలు, మెడ మడతలు, చెవుల వెనక, మోచేతి వంపులు ఎర్రబడి మందమవుతాయి. పడకగదిలో బూజు, దుమ్ము వల్ల వచ్చేదీ తరచు ఈ చోట్లనే పట్టుకుంటుంది. అందువల్ల కనురెప్పల దురదతో వచ్చిన మనిషి ఇంటి గోడ చూసే ముందు ఇంటి చుట్టూ ఏ గడ్డి ఉందో కూడా అడగాలి.

నాలుగో దారి మనమే తెచ్చిపెట్టుకునేది. గోడమీది బూజును కడగడానికి బ్లీచింగ్ పౌడర్, ఫినాయిల్, యాసిడ్ ఒట్టి చేతులతో వాడటం. నా గదికి వచ్చే "బూజు అలర్జీ" చేతుల్లో చాలావాటికి కారణం బూజు కాదు, దాన్ని కడిగిన మందు.

సాక్ష్యం ఏమంటోంది?

2004లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెమ్మ ఇళ్ళ మీద ఒక పెద్ద సమీక్ష వేసింది. దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ముదరడం వీటికి చెమ్మతో సంబంధం ఉందని తేల్చింది. చర్మం మాటకొచ్చేసరికి సాక్ష్యం చాలదంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం చెమ్మ, బూజుల మీద మార్గదర్శకాలు వెలువరించినప్పుడు కూడా బలమైన తీర్పు ఊపిరి రోగాల మీదే. 2011లో కాలిఫోర్నియాకు చెందిన మార్క్ మెండెల్, ఆయన సహచరులు అప్పటికి వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు ఎగ్జిమా కూడా జాబితాలో చేరింది.

స్వీడన్‌లో 10,851 మంది బడి ఈడు రాని పిల్లల మీద జరిగిన సర్వే ఇందులో చెప్పుకోదగ్గది. 2005లో అచ్చయింది. చెమ్మ గుర్తులు ఉన్నాయని తల్లిదండ్రులు చెప్పిన ఇళ్ళల్లో దగ్గు, ముక్కు కారడంతో పాటు చర్మ లక్షణాలూ ఎక్కువగా కనబడ్డాయి. ఇది అడిగి రాసుకున్న సమాచారం, ఒక్కసారి తీసిన లెక్క. సంబంధం చూపుతుంది, కారణాన్ని నిరూపించదు. అదే బృందం 2004లో ఇంకో సంగతి చూపింది: పీవీసీ సామానును మెత్తబరచడానికి కలిపే ఒక రకం థాలేటు పడకగది దుమ్ములో ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఎగ్జిమా కూడా ఎక్కువ. తడి సిమెంటు నేలమీద పీవీసీ పరిస్తే ఇలాంటి రసాయనాలు విరిగి గాలిలో కలుస్తాయి. చెమ్మ ఇంట్లో ముద్దాయి బూజొక్కటే కాదని అర్థం.

మెండెల్ సమీక్షలో వైద్యులకు పనికొచ్చే అంశం మరొకటుంది. రోగంతో నిలకడగా ముడిపడింది కంటికి కనిపించిన తడి, బూజు, ముక్కుకు తగిలిన ముక్క వాసన. పరికరాలు పెట్టి గాలిలో లెక్కించిన స్పోర్ల సంఖ్యలు అంత నిలకడగా ముడిపడలేదు. కనుక ఇంట్లో గాలి శాంపిలు తీయించడానికి వేలు ఖర్చుపెట్టకండి. మామూలు ఇళ్ళకు అలాంటి పరీక్ష అక్కర్లేదని సీడీసీ కూడా చెబుతోంది. మూత్రంలో "బూజు విషాలు" చూస్తామనే పరీక్షలకు రోగనిర్ధారణలో విలువ లేదు. ఇంటి యజమాని కన్నూ ముక్కూ వీటికంటే మంచి పరికరాలు.

ఒక పడకగది

వివరాలు మార్చి ఒక ఉదాహరణ చెబుతాను. ఆరేళ్ళ పాప. మోచేతి వంపుల్లో, మోకాళ్ళ వెనక, మెడమీద ఎగ్జిమా. వేసవిలో తగ్గి, శ్రావణం వచ్చేసరికి రేగి, కార్తీకం దాకా వదలదు. "అమ్మమ్మగారింటికి వెళితే తగ్గుతుందండీ" అంది తల్లి. ఇది విలువైన సమాచారమే. అయితే అక్కడ సబ్బు మారుతుంది, నీళ్ళు మారతాయి, బడి ఉండదు. ఒక్క మాటతో గోడను దోషిగా నిలబెట్టలేం. మంచం చుట్టూ ఫోన్‌లో ఫొటోలు తీసుకురమ్మన్నాను.

గ్రౌండ్ ఫ్లోరు ఫ్లాటు. మంచం తలవైపు గోడకి అవతల బాత్రూం. గచ్చుకు జానెడు ఎత్తున రంగు పొక్కులు లేచి, గోరు పెడితే పెచ్చులుగా ఊడింది. గోడకి ఆనిన పరుపు అంచు తిరగేస్తే ఆవాలు చల్లినట్టు నల్లచుక్కలు. మంచం కింద, వాడని బొంతలు చుట్టి పాలిథిన్ సంచిలో కట్టి పెట్టారు. వాసన రాకుండా వాటిలో కలరా ఉండలు. ఆ ఉండలు బూజును ఆపవు. పైగా జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసికందుల బట్టల్లో పెడితే రక్తకణాలు విరిగిపోయే ప్రమాదం ఉంది. ఇళ్ళల్లో బాలింతలున్న వాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పాపకు ప్రిక్ టెస్టులో మైటుకు పెద్ద దద్దురు, ఆల్టర్నేరియాకు చిన్నది లేచాయి. వైద్యం రెండువైపులా నడిచింది. చర్మానికి స్నానం కాగానే తడి ఆరకముందే మాయిశ్చరైజరు, రేగిన చోట తగిన బలమున్న స్టెరాయిడ్ లెక్కప్రకారం కొద్దిరోజులు. గోడకు ముందు రంగు ముట్టుకోవద్దని చెప్పాం. బాత్రూం టైల్స్ సందులు తిరిగి నింపారు, కారుతున్న ఎల్బో పైపు మార్చారు, పెచ్చులూడిన మేర సిమెంటు పూత కొట్టించి, ఫ్యాను పెట్టి ఆరబెట్టి, అప్పుడు కొత్త పూత పూశారు. పరుపు పారేశారు. మంచం గోడకి జానెడు దూరం జరిపారు. ఆ వర్షాకాలం పాప రాత్రుళ్ళు గోక్కుంటూ లేవడం బాగా తగ్గింది. చర్మం పొడిదనం మాత్రం అలాగే ఉంది, మాయిశ్చరైజరు మానలేదు. గోడ బాగుచేస్తే ఎగ్జిమా పోదు, రేగడం తగ్గుతుంది. వైద్యుడు మాటివ్వదగ్గది అంతవరకే.

తామర వేరు, బ్లాక్ ఫంగస్ వేరు

"గోడకి ఫంగస్, నాకూ ఫంగస్, రెండూ ఒకటే కదా?" అన్న ప్రశ్న రోజూ వినబడుతుంది. ఒకటి కావు. తామర తెచ్చేవి ఎక్కువగా ట్రైకోఫైటాన్ జాతి ఫంగస్‌లు. అవి గోడమీద పెరగవు, చర్మంలో, వెంట్రుకలో, గోరులో ఉండే కెరటిన్ తిని బతుకుతాయి. మనిషి నుంచి మనిషికి, తువ్వాలు నుంచి, లుంగీ నుంచి, ఒకే పక్క నుంచి వస్తాయి. శోభి మచ్చలు, చుండ్రు తెచ్చే మాలసీజియా మన చర్మంమీద చిన్నప్పటినుంచీ కాపురమున్నదే. నీళ్ళల్లో నానే చేతులకు గోరుచుట్టు, కాలివేళ్ళ సందులు పాసిపోవడం వీటిలో కాండిడా చెయ్యి ఉంటుంది. వీటన్నిటికీ గోడమీది బూజుతో చుట్టరికం తక్కువ. తడితో మాత్రం గట్టి చుట్టరికం. వానాకాలంలో గదిలోనే ఆరేసి, సగం ఆరిన లోదుస్తులు, బిగుతు జీన్సు తొడుక్కుంటే తామరకు పిలిచి పీట వేసినట్టే. ఆ బట్టలు ఆరేసిన గది గోడకే బూజూ పడుతుంది. రెండూ కలిసి కనిపించేది అందుకే.

తేడా తేల్చడం కష్టమేమీ కాదు. మచ్చ అంచునుంచి పొట్టు కొంచెం గీరి గాజుపలక మీద పెట్టి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోపులో చూస్తే తామర దారాలు కణాల మధ్య కొమ్మలు చాచి కనబడతాయి. ఎగ్జిమాలో కనబడవు. ఈ చవకైన పరీక్ష చేయకుండా స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ కలిపిన ట్యూబు ఇవ్వడం మన ప్రాంతాన్ని పట్టిన పెద్ద జబ్బు. దురద రెండు రోజుల్లో ఆగుతుంది, తామర లోలోపల పరుచుకుంటుంది. టెర్బినాఫిన్ అనే తామర మందుకు తరచు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే తామర రకం మన దేశమంతా వ్యాపించింది. 2020లో దానికి ఆ పేరు పెట్టారు. 2023లో న్యూయార్కులోనూ బయటపడింది. స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించింది. మందుల షాపు కౌంటరు దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో మీకు తెలుసు.

బ్లాక్ ఫంగస్ భయం 2021 నాటి కోవిడ్ మిగిల్చింది. అది మ్యూకర్ కుటుంబపు ఫంగస్. అదుపులేని షుగరు, ఎక్కువ స్టెరాయిడ్ తోడైనప్పుడు ముక్కులోనుంచి ముదిరింది. గోడమీది నల్లమచ్చ అది కాదు. అయితే బూజు నిజంగానే చర్మంలో పాతుకునే సందర్భాలు కొన్నున్నాయి: అవయవ మార్పిడి అయినవాళ్ళు, కీమో తీసుకుంటున్నవాళ్ళు, లోతైన గాయంలోకి మట్టి దిగినవాళ్ళు. 2011 మే 22న అమెరికాలోని జాప్లిన్ పట్టణాన్ని సుడిగాలి తుడిచిపెట్టినప్పుడు గాయాల్లో మట్టి, చెక్కపేళ్ళు దిగిన 13 మందికి ఈ కుటుంబపు ఫంగస్ చర్మాన్ని కుళ్ళబెట్టింది. ఐదుగురు చనిపోయారు. ఆ ఫంగస్ జాతిని శాస్త్రవేత్తలు మొదట గుర్తించింది 1979లో, ఉత్తర భారతంలో ఒక మామిడితోట మట్టిలో.

వరద దిగిన తర్వాత

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ఇళ్ళల్లో నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. అలాంటి వరద దిగాక చర్మవైద్యుల దగ్గరికి మొదట వచ్చేవాళ్ళు వేళ్ళ సందులు పాసినవాళ్ళు, గాయాలు చీముపట్టినవాళ్ళు. తామర, ఎగ్జిమా ఆ వెనక వస్తాయి, అప్పటికి గోడలు ఆరక బూజు లేచి ఉంటుంది. పరుపు, దిండు, ప్లైవుడ్ కప్‌బోర్డు లాంటివి రెండు రోజుల్లో ఆరకపోతే పారేయక తప్పదు. వాటిని బాగుచేయలేమని చెప్పడం పేద ఇంట్లో ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే వరద సాయంలో బియ్యం, పప్పుతో పాటు పరుపులు, రబ్బరు గ్లౌజులు కూడా ఉండాలని నేను అడుగుతూ వస్తున్నాను. ఇటుక, సిమెంటు గోడలను సబ్బునీళ్ళతో తోమి కడగొచ్చు. బ్లీచు వాడితే నాలుగు లీటర్ల నీళ్ళకు ఒక కప్పు మించకూడదు. బ్లీచులో టాయిలెట్ యాసిడ్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాసు పుట్టి కళ్ళనూ ఊపిరితిత్తులనూ కాలుస్తుంది. ఎగ్జిమా, ఉబ్బసం ఉన్నవాళ్ళను ఆ కడిగే పనిలో పెట్టకండి.

బాగుచేయించాల్సింది ఎవరు?

ఇంగ్లండులో రాచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ బిడ్డ చనిపోయాడు. ఫ్లాటులో బూజును చాలాకాలం పీల్చడం వల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధి కారణమని 2022 నవంబరులో మరణ విచారణాధికారి (కరోనర్) తేల్చారు. తండ్రి 2017లోనే ఫిర్యాదు చేస్తే పైన రంగు వేసుకోమన్నారు. అది చర్మరోగం కాదు. దాన్నిక్కడ చెప్పేది ఆ బిడ్డ పేరుమీద వచ్చిన చట్టం కోసం. 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండులో సామాజిక గృహసంస్థలు చెమ్మ, బూజు వల్ల గణనీయమైన ప్రమాదముందని తెలిసిన 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి, అత్యవసరమైతే 24 గంటల్లో స్పందించాలి. అయితే అక్కడ చదువుకునే మన పిల్లలు ఎక్కువమంది ప్రైవేటు అద్దె గదుల్లో ఉంటారు, చలికి కిటికీలు బిగించి, బట్టలు రేడియేటరు మీద ఆరేసి, లోపలే వండుకుంటారు. ఆ ఆవిరి అంతా చల్లటి గోడమీద నీరవుతుంది. రోజూ కాసేపు కిటికీ తెరవమని, వంటప్పుడు ఎగ్జాస్టు వేయమని ఫోన్‌లో చెప్పండి.

మన దగ్గర 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కట్టడం మరమ్మతులు, అవసరమైతే నీళ్ళ పైపుల మార్పు యజమాని బాధ్యతల్లో పెట్టింది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే. అద్దె పత్రం రాసుకునేటప్పుడే "గోడల్లో చెమ్మ వస్తే యజమాని బాగుచేయించాలి" అని ఒక వాక్యం రాయించుకోండి. వైద్యులు కూడా అవసరమైన రోగికి "ఈ గది చెమ్మ ఆరోగ్యానికి హాని" అని కాగితం మీద రాసివ్వవచ్చు. ఆ కాగితం చట్టం కాదు, కానీ యజమానితో మాట్లాడేటప్పుడు చేతిలో ఉంటే మాట బరువు పెరుగుతుంది.

చివరగా మూడు విన్నపాలు. నా తోటి వైద్యులకు: దురద కేసులో ఇంటి ప్రశ్నలు రెండు అడగండి, అనుమానముంటే పొట్టు గీరి చూడండి, మూడు మందుల ట్యూబు రాయకండి. మేస్త్రీలకు, యజమానులకు: ముందు నీళ్ళు ఆపండి, తర్వాత గీకండి, ఆరబెట్టండి, ఆ తర్వాతే లప్పం, రంగు. ఇంట్లో వాళ్ళకు: మంచం, బీరువా గోడకు జానెడు దూరం జరపండి, బట్టలు పూర్తిగా ఆరాకే తొడుక్కోండి, షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు ఈ రాత్రే మానేసి, వారంలోగా చర్మవైద్యుడికి చూపించుకోండి. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ పూసుకున్నవాళ్ళు మాత్రం ఒక్కసారిగా ఆపకుండా, ఎలా తగ్గించుకోవాలో డాక్టరును అడగండి.